ఆరెక్స్ సైలెన్సర్ కోస్తే పోయేదేమిటి?

ఆరెక్స్ హండ్రెడ్ చేతికొచ్చిన కుర్రాడు గుంటూరులోనైనా ఒంగోలులోనైనా మొదటి వారంలోనే సైలెన్సర్ మీద పడతాడు. ముందు చివర్లో ఉండే ఫిల్టరు గొట్టం ఊడదీస్తాడు. అది చాలదనిపిస్తే వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి వెనక భాగం కోయిస్తాడు. ఇంకా ఉత్సాహం మిగిలితే మొత్తం తీసి పారేసి, బజార్లో దొరికే పొట్టి గొట్టం బిగిస్తాడు. ఆ తర్వాత బండి వీధి చివర మలుపు తిరగకముందే ఊరందరికీ తెలిసిపోతుంది. వేగం పెరిగిందని అతనికి గట్టి నమ్మకం. స్టాప్‌వాచీ పెట్టి చూస్తే చాలాసార్లు తగ్గి ఉంటుంది.

శబ్దాన్ని ఆపే డబ్బాని కోస్తున్నామనుకుని వాళ్ళు కోసేది ఇంజన్‌లో సగాన్ని. మిగతా మార్పులన్నిటికంటే ముందు జరిగేది, అన్నిటికంటే తక్కువ అర్థమయ్యేది కూడా ఇదే.

పాత వేగపు బండిని కొని, సెలవు రోజుల్లో విప్పుకుంటూ బిగించుకుంటూ బతికే సరదా ప్రపంచమంతా ఉంది. జపాన్, అమెరికాల్లో దానికి రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే కార్లు దొరికాయి: 1969 చివర్లో వచ్చిన డాట్సన్ 240జెడ్, 1983 నాటి టొయోటా ఏఈ86 లాంటివి. మన దగ్గర ఆ రోజుల్లో కారంటే అంబాసిడరు, ఫియట్టు, మారుతి. వేగం కోసం తహతహలాడే మధ్యతరగతి కుర్రాడికి, మిర్చి ధర బాగా పలికిన ఏడాది రైతుబిడ్డకి అందిన స్పోర్ట్స్ బండి రెండు చక్రాలది. ఎస్కార్ట్స్ సంస్థ యమహాతో కలిసి 1985 నవంబరులో మన దేశంలో విడుదల చేసిన ఆరెక్స్ 100. మొదటి బండ్లు జపాన్ నుంచి వచ్చిన విడిభాగాలతో బిగించినవి. అందుకే ఇవాళ్టికీ 'జపాన్ క్రాంకు' అని చెప్పి పది రూపాయల వస్తువుని వంద రూపాయలకు అమ్మేవాళ్ళున్నారు. 1996లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. అంటే మన రోడ్ల మీద తిరిగే, వయసులో అతి చిన్న ఆరెక్స్ 100కి కూడా ముప్ఫయ్యేళ్ళు నిండుతున్నాయి. ఏపీ 7, ఏపీ 27 నంబర్లతో, వంకాయ రంగులోనో ఎరుపులోనో మళ్ళీ పెయింటు కొట్టించుకుని, చిలకలూరిపేట, అద్దంకి, పర్చూరు రోడ్ల మీద అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

దాని శక్తి 98 సీసీ ఇంజన్ నుంచి 11 హార్స్‌పవర్, 7,500 ఆర్పీఎం దగ్గర. చిన్న అంకెలా కనిపిస్తుంది. లీటరు లెక్కకు మార్చి చూడండి: లీటరుకు 112. అప్పటి మారుతి 800 ఇంజన్ 796 సీసీ, శక్తి 40 హార్స్‌పవర్ లోపు. లీటరుకు 50 కూడా కాదు. హెడ్డులో కవాటాలు లేవు, క్యామ్ షాఫ్టు లేదు, విప్పితే ఖాళీగా ఉండే ఈ ఇంజన్ ఇంత శక్తి ఎలా ఇచ్చిందన్న ప్రశ్నకి జవాబు సగం ఆ మెరిసే గొట్టంలోనే ఉంది.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు తిరిగే ప్రతి చుట్టుకీ ఒక పేలుడు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒకటి. 7,500 ఆర్పీఎం దగ్గర ఆరెక్స్ సెకనుకు 125 సార్లు పేలుతుంది. అదే వేగంతో తిరిగే ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ 62 సార్లే. ఆరెక్స్ గొంతు సరిగ్గా ఒక స్థాయి పైన పలకడానికి కారణం అదే. కొత్త పెట్రోలు, గాలి మిశ్రమం ముందు పిస్టన్ కింద ఉన్న క్రాంకు గదిలోకి వస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు అది నలిగి, సిలిండరు గోడల్లోని ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా పైకి ఎక్కుతుంది. సరిగ్గా అదే సమయానికి ఎదురుగా ఎగ్జాస్ట్ పోర్టు కూడా తెరిచే ఉంటుంది. కాలిన పొగ బయటికి పోవాలి, కొత్త మిశ్రమం లోపలికి రావాలి, రెంటికీ మధ్య తలుపు లేదు. కొత్తది వచ్చిన ఊపులో నేరుగా బయటికి పోతుంది. మామూలు టూ స్ట్రోక్ ఇంజన్లలో పావు వంతు పైగా పెట్రోలు కాలకుండానే గొట్టంలోంచి పోయేది. ఆ పెట్రోలు వాసనా, 'మైలేజీ రాదు' అన్న పేరూ ఈ ఒక్క లోపం నుంచి వచ్చినవే.

పోయే మిశ్రమాన్ని ఆపడానికి తలుపు పెట్టలేరు. కానీ గొట్టంలోంచి ఒక ఒత్తిడి తరంగాన్ని వెనక్కి పంపవచ్చు. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే బయటికి దూకే పొగ గొట్టంలో ఒక పీడన తరంగాన్ని పుట్టిస్తుంది. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట ఆ తరంగంలో కొంత తిరగబడి, పీల్చే తరంగంగా సిలిండర్‌కి చేరుతుంది. మిగిలిన పొగని అది లాగేస్తుంది, దాంతోపాటు కాస్త కొత్త మిశ్రమాన్ని కూడా గొట్టంలోకి లాగుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే గొట్టం మళ్ళీ సన్నబడుతుంది. అక్కడ తగిలిన తరంగం ఈసారి నెట్టే తరంగంగా వెనక్కి వస్తుంది. గొట్టంలోకి జారిన కొత్త మిశ్రమాన్ని, పోర్టు మూసుకునే ఆఖరి క్షణంలో తిరిగి సిలిండర్లోకి కుక్కుతుంది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న వాళ్ళని పల్లెవెలుగు కండక్టరు లోపలికి నెట్టి డోరు వేసుకున్నట్టు.

ఇదంతా గొట్టం పొడవు మీద ఆధారపడి ఉంది. లెక్క కష్టమేమీ కాదు. 7,500 ఆర్పీఎం అంటే ఒక చుట్టుకి 8 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ పోర్టు ఇంచుమించు సగం చుట్టు తెరిచి ఉంటుందనుకుందాం: 4 మిల్లీసెకన్లు. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు, మామూలు గాలిలో కంటే చాలా ఎక్కువ. 4 మిల్లీసెకన్లలో తరంగం 2 మీటర్లు పోతుంది, అంటే వెళ్ళి రావడానికి ఒక మీటరు దూరం. సన్నబడే భాగం పోర్టు నుంచి దాదాపు ఆ దూరంలో, ఇంకాస్త ముందే ఉండాలన్నమాట. అదే బండిని 4,000 ఆర్పీఎం దగ్గర నడిపితే చుట్టుకి 15 మిల్లీసెకన్లు. తరంగం మరీ ముందుగా వచ్చేస్తుంది, పని జరగదు. అందుకే ఆరెక్స్ నింపాదిగా మొదలై, ఒక ఆర్పీఎం దాటగానే ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. ఆ దూకుడునే మనవాళ్ళు పికప్ అంటారు. తరంగం వేళకి వచ్చిందనడానికి అది గుర్తు. వెనక భాగం కోసేస్తే తరంగం తిరగబడే చోటే పోయింది. శబ్దం మిగిలింది.

ఈ లెక్కని రేసు గెలిచే స్థాయికి తెచ్చినవాడు వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలోని చోపావ్ అనే చిన్న ఊళ్ళో ఎమ్‌జెడ్ మోటారు సైకిళ్ళ కంపెనీలో 1953 నుంచి రేసింగు విభాగం చూసేవాడు. డబ్బు లేదు, మంచి ఉక్కు దొరకదు, ఉన్నదల్లా ఒక ఆసిలోస్కోపు, విసుగెరగని బుర్ర. గొట్టంలో ఒత్తిడి ఎలా ఎగసిపడుతోందో తెర మీద చూసుకుంటూ, గొట్టం వెడల్పయ్యే, సన్నబడే శంకువుల కోణాలు మార్చేవాడు. 1961 నాటికి అతని 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరుకు 200. టర్బో, సూపర్‌ఛార్జర్ లేకుండా అంతవరకూ ఎవరూ చూడని అంకె. ఆ ఏడాది సెప్టెంబరులో స్వీడన్ గ్రాండ్ ప్రీకి వెళ్ళిన ఎమ్‌జెడ్ రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ తిరిగి దేశానికి పోలేదు. అతని కుటుంబాన్ని కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. డెగ్నర్ సుజుకీలో చేరాడు, ఎమ్‌జెడ్ రహస్యాలన్నీ అతని వెంట జపాన్ చేరాయి. 1962లో సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత జపాన్ టూ స్ట్రోకులకి తిరుగు లేకుండా పోయింది. కాడెన్ మాత్రం చోపావ్‌లోనే ఉండిపోయాడు, చూడవలసిందంతా చూశాడు. కోల్డ్ వార్ గూఢచారి కథల్లో ఒక పొగగొట్టానికి ఇంత చోటు దొరకడం నాకైతే బాగా నచ్చే సంగతి. పర్చూరు వెల్డింగు షాపులో తెగిపడుతున్నది ఆ వంశపు గొట్టమే.

మార్చకూడదని కాదు. మార్చిన ఒక్కదాని వెంట మరో నాలుగు కదలాలి. గొట్టంలోంచి పొగ పోయే దారి సులువైతే ఇంజన్ ఎక్కువ గాలి పీల్చుతుంది, కార్బరేటర్ జెట్టు మాత్రం పాత కొలతే ఇస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కాలుతుంది. ఎగ్జాస్ట్ పోర్టుని ఒక్క మిల్లీమీటరు పైకి గీకిస్తే, 50 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఈ ఇంజన్‌లో పోర్టు తెరిచి ఉండే సమయం దాదాపు 5 డిగ్రీలు పెరుగుతుంది. పై వేగంలో లాగుడు వస్తుంది, కింది వేగంలో పోతుంది. గడ్డివాము పక్కన బురదలోంచి ఇద్దర్ని ఎక్కించుకుని లాగాల్సిన బండికి ఆ మార్పు శిక్ష. ఈ మాట చెప్పే మేస్త్రీలు గుంటూరు ఆటోనగర్‌లో ఉన్నారు. 'లాగట్లేదు బాబాయ్' అని వచ్చిన కుర్రాడికి ఒకాయన చెప్పడం విన్నాను: 'లాగుద్ది లేరా అబ్బాయ్. ముందు ఆ గొట్టం పీకి, ఇంట్లో అటక మీద పాతది ఉంటే పట్టుకురా.'

పాత బండి అన్నాక బోరుకి రావడం ఖాయం. బోరుకొచ్చిందంటే సిలిండరు గోడ అరిగి, పిస్టనుకీ గోడకీ మధ్య సందు పెరిగి, కిక్కు కొడితే ఒత్తిడి నిలవడం లేదని అర్థం. అప్పుడు లేతు షాపులో గోడని పావు మిల్లీమీటరు పెద్దది చేసి, దానికి తగిన ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. పావు, అర, ముప్పావు, ఒకటి. నాలుగు బోర్లయ్యాక కొత్త స్లీవు దిగాల్సిందే. నాలుగో బోరు మీదున్న ఆరెక్స్ 100 నిజానికి 102 సీసీ బండి. సీ బుక్కులో మాత్రం 98 అనే ఉంటుంది, పాపం.

ఈ పనిలో దగ్గరగా చూడదగ్గది ఒకటుంది. బోరు పూర్తయ్యాక మేస్త్రి రింగులు వేయని పిస్టనుని పొడిగా తుడిచి, సిలిండర్లో తలకిందులుగా వదులుతాడు. అది దబ్బున పడిపోతే వదులు, పట్టుకుని నిలబడితే బిగువు. తన బరువుతో తాను మెల్లగా, ఆగకుండా కిందికి జారితే సరిపోయినట్టు. తర్వాత ఫీలర్ గేజి దూర్చి చూసుకుంటాడు. ఉండాల్సిన సందు 0.04 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, వెంట్రుక మందంలో సగం. పిస్టన్ అల్యూమినియం, గోడ పోత ఇనుము. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది, అంతే వేడెక్కిన గోడ దాదాపు 0.055. తేడా చూస్తే సందంతా మూసుకుపోయినట్టే. పిస్టన్ బతికి బట్టకడుతున్నది దాన్ని నిటారుగా, పూర్తి గుండ్రంగా చేయకపోవడం వల్ల. వేడి ఎక్కువ తగిలే పైభాగం సన్నగా, అడ్డకోతలో కాస్త అండాకారంగా తిప్పుతారు. హోనింగు చేసినప్పుడు గోడ మీద ఏటవాలుగా పడే గీతల వలలో నూనె నిలుస్తుంది. గోడ అద్దంలా మెరవాలని నున్నగా రుద్దించుకునేవాళ్ళు ఆ నూనెకి చోటు లేకుండా చేస్తారు. కొత్త బోరు బండిని మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా తోలమనడం మొక్కుబడి మాట కాదు.

పిస్టన్ జామ్ అవడానికి అసలు ముహూర్తం మాత్రం చాలామంది అనుకున్నట్టు మే నెల మధ్యాహ్నం ఒక్కటే కాదు. ఇక్కడ గాలి సంగతి రావాలి. పల్నాడు వైపు రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లోకెక్కుతుంది, 45 డిగ్రీలు అక్కడ వింత కాదు. అదే నేల మీద డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలు ఉంటుంది. గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకి విలోమంగా మారుతుంది. 18 నుంచి 45కి పోతే 291ని 318తో భాగించినంత, అంటే ఎనిమిది శాతం పైగా సాంద్రత పడిపోతుంది. వేసవిలో ఆరెక్స్ నీరసంగా ఉండటంలో రైడరు ఊహ కంటే భౌతికశాస్త్రం పాలే ఎక్కువ. కార్బరేటరుకి ఈ సంగతి సగమే తెలుస్తుంది. గాలి పలచబడినంతగా అది పెట్రోలు తగ్గించదు, కాబట్టి వేసవిలో మిశ్రమం నాలుగు శాతం దాకా చిక్కబడుతుంది. మే నెలలో జెట్టు సర్దించుకుని డిసెంబరులో పూర్తి యాక్సిలరేటరు మీద పోతే అదే నాలుగు శాతం పలచగా ఉంటుంది.

ఇక పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు బంకులన్నిట్లో మామూలైపోయింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిపితే లెక్క 13.5కి దిగుతుంది. 1985 నాటి జెట్టుకి ఈ సంగతి తెలియదు. అది పాత కొలతే పోస్తుంది, మిశ్రమం ఎనిమిది శాతం పలచబడుతుంది. కొత్త బండ్లలో సెన్సరు చూసుకుని కంప్యూటరు సర్దుకుంటుంది, ఆరెక్స్‌లో సెన్సరంటే తోలేవాడి చెవి. ఎనిమిదికి డిసెంబరు నాలుగు కలిపితే పన్నెండు. చల్లటి గాలి ఇంజన్‌ని చల్లబరిచే ఫిన్నులకి మేలు చేస్తుంది కాబట్టి వెంటనే ఏమీ కాదు. కానీ విరామం లేకుండా ఒకే ఆర్పీఎం మీద ఇరవై కిలోమీటర్లు తోలితే అవుతుంది. మన మైదానంలో జరిగేది సరిగ్గా అదే. కొండ రోడ్లలో యాక్సిలరేటరు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అద్దంకి, నార్కట్‌పల్లి రోడ్డు లాంటి తిన్నని రోడ్డు మీద మణికట్టు బిగిసి అలాగే ఉండిపోతుంది. ఒకటి రెండు సైజులు పెద్ద మెయిన్ జెట్టు వేయించడం పికప్ కోసం చేసే మార్పు కాదు, ప్రాణరక్షణ. ప్లగ్గు విప్పి చూస్తే ఇటుక రంగు ఉండాలి, తెల్లబడితే పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన అని మేస్త్రీలు చెబుతారు. ఆ రంగు పాఠం పాత పెట్రోలు రోజులది. ఇథనాల్ పెట్రోలుతో ప్లగ్గు రంగు అంత స్పష్టంగా చదువు చెప్పదు.

ఇథనాల్‌ని కళ్ళతో చూడాలంటే కొలగ్లాసులో 50 మిల్లీలీటర్ల నీళ్ళ మీద 50 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూతపెట్టి కలిపి, కదపకుండా ఉంచాలి. నిప్పుకి దూరంగా, ఆరుబయట. తేరుకున్నాక కింది నీళ్ళ పొర 60 దగ్గరికి వస్తుంది. పెరిగిన ఆ పది పెట్రోలులోంచి నీళ్ళలోకి దిగిన ఇథనాల్. వానాకాలంలో ట్యాంకులో జరిగేదీ ఇదే. తేమ మోతాదు దాటితే ఇథనాల్ నీటితో కలిసి అడుగుకి దిగిపోతుంది. ఇక్కడే పాత ముచ్చట ఒకటి ప్రాణం మీదికి తెస్తుంది. ఆరెక్స్‌కి కంపెనీ ఇచ్చిన టూటీ ఆయిలు పంపు ఉంటుంది, యాక్సిలరేటరు తిప్పినకొద్దీ ఎక్కువ నూనె ఇస్తుంది. 'పంపు పాడైతే ఇంజన్ పోతుంది' అని దాన్ని పీకేసి, పెట్రోలులోనే నూనె కలిపి పోసుకునేవాళ్ళు సగం మంది. నూనె పెట్రోలుతోనే ఉంటుంది, అడుగుకి దిగిన నీళ్ళ ఇథనాల్ పొరలో కరగదు. ట్యాంకు నుంచి కార్బరేటరుకి మొదట వచ్చేది ఆ అడుగు పొరే. అంటే నెల రోజులు నిలబెట్టిన బండికి మొదటి గుక్కలో నూనె సున్నా. ఇథనాల్ రోజులొచ్చాక పంపుని తీయించుకోవడం తప్పు, తీసినవాళ్ళు తిరిగి పెట్టించుకోవడం మంచిది. ఈ మాటకి చాలామంది మేస్త్రీలు ఒప్పుకోరు. నేనూ తగ్గను.

రబ్బరు గొట్టాలకీ, ఫ్లోటు గదిలోని సీళ్ళకీ ఇథనాల్ పడదు, అవి మార్చుకుంటే పోతుంది. అసలు దృష్టి పెట్టాల్సినవి క్రాంకు సీళ్ళు, ఎవరికీ కనిపించవు కాబట్టి. క్రాంకు గది గాలి చొరకుండా ఉంటేనే టూ స్ట్రోకు. ముప్ఫయ్యేళ్ళ సీలు గట్టిపడి పెచ్చులూడితే రెండు రకాల జబ్బులొస్తాయి. ఎడమవైపు మ్యాగ్నెటు పక్కది పోతే బయటి గాలి లోపలికి చొరబడుతుంది, మిశ్రమం పలచబడుతుంది, యాక్సిలరేటరు వదిలినా బండి ఆర్పీఎం దిగదు. కుడివైపు క్లచ్చు పక్కది పోతే గేరు ఆయిలు లోపలికి లాగుకుని తెల్లగా పొగ వస్తుంది, గేరు ఆయిలు తరుగుతూ ఉంటుంది. కొత్త పిస్టనూ, కొత్త రింగులూ, కొత్త కార్బరేటరూ వేసి విసిగిపోయి, ఆఖరికి రెండు సీళ్ళు మార్చగానే బాగుపడ్డ బండ్లు ఎన్నో.

ఈ నేలకే ప్రత్యేకమైన శత్రువులు కొన్నున్నారు. నవంబరు నుంచి పత్తి లారీలు జిన్నింగు మిల్లులకి పోతుంటే రోడ్డు పక్కన తుమ్మచెట్లన్నీ తెల్లబడతాయి. ఆ దూది పింజలు నూనె కారిన ఇంజన్ ఫిన్నుల మధ్య అంటుకుంటాయి, వాటి మీద దుమ్ము పేరుకుంటుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కి ఫిన్నులే ఊపిరి. వాటి మధ్య పింజ కూరుకుంటే లోపలి వేడి బయటికి రాదు. నల్లరేగడి బురద ఇంకో రకం. ఆ మట్టిలోని బంకరేణువులు నీటికి ఉబ్బి, ఎండకి కుంచించుకుని, ఫిన్నుల మధ్య గట్టి పెంకు కడతాయి. పెంకు ఊడదీయడానికి స్క్రూడ్రైవరు వాడితే ఫిన్ను విరుగుతుంది. రాత్రంతా తడిబట్ట చుట్టి ఉంచితే పొద్దున అదే ఊడొస్తుంది.

ఫిబ్రవరి నుంచి మిర్చి. కల్లాల్లో ఆరబోసిన కాయలు, గుంటూరు యార్డుకి పోయే బస్తాలు, గాలినిండా ఘాటు. ఆ రోజుల్లో ఎయిర్ ఫిల్టరు విప్పి కంప్రెసరు గాలి కొడితే షెడ్డులో అందరూ తుమ్ముతూ బయటికి పరిగెత్తాల్సిందే. మిరపలోని క్యాప్సైసిన్, 43 డిగ్రీలు దాటిన వేడి, రెండూ మన నరాల్లో ఒకే గ్రాహకాన్ని మీటుతాయి. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంజన్‌కి మాత్రం మిర్చి దుమ్ముతో గొడవ లేదు, అది మెత్తటిది, కాలిపోతుంది. భయపడాల్సింది చీమకుర్తి వైపు రాతి పొడికి. గ్యాలక్సీ గ్రానైటు అని మనం పిలిచే ఆ నల్లరాయి భూగర్భశాస్త్రం ప్రకారం గాబ్రో జాతిది. అందులోని ఫెల్డ్‌స్పార్ మోహ్స్ గట్టిదనం కొలతలో 6, పోత ఇనుము అంతకంటే మెత్తన. నూనె తడపని ఫోము ఫిల్టరుతోనో, అసలు ఫిల్టరే పీకేసిన కార్బరేటరుతోనో చీమకుర్తి రోడ్డు మీద తిరిగితే తనంతట తానే బోరు కొట్టించుకుంటున్నట్టు లెక్క. 'గాలి బాగా ఆడుతుంది' అని ఫిల్టరు పెట్టె తీసేసే మార్పు ఆటోనగర్లో ఫ్యాషనే. సైలెన్సర్ కోత తర్వాత నాకు కడుపు మండేది దానికే.

సరదా ఎంత ఉన్నా బండి రోడ్డు మీదే తిరగాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం సీ బుక్కులో ఉన్న వివరాలకీ కంపెనీ ఇచ్చిన రూపానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. ఆరెక్స్ 100 చాసిస్ మీద ఆరెక్స్ 135 ఇంజన్ ఎక్కించడం మన వైపు చాలామందికి మామూలే గానీ బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు అది నిలబడదు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా, మూడు నెలల దాకా జైలు కూడా. పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఆ కుప్పలో నేను వెతికేది కోతబడ్డ పాత కంపెనీ గొట్టాలు ఎన్ని ఉన్నాయా అని.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఆ లెక్కన 1985 నాటి మొదటి ఆరెక్సులకి 2035లో అర్హత వస్తుంది. షరతు ఒకటుంది: చాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలోనే ఉండాలి. ఇంకో పదేళ్ళ లోపే ఆ రోజు వస్తుంది. అప్పటికి గొట్టం కోయని ఆరెక్సులు గుంటూరు, ప్రకాశం ఊళ్ళల్లో ఎన్ని మిగులుతాయో గానీ, ఆటోనగర్ పాత సామాన్ల షాపుల్లో కంపెనీ సైలెన్సరు ధర మాత్రం ఇప్పటికే పెరగడం మొదలైంది.